సబ్జెక్టుల్లో వచ్చే పదాలు పిల్లలకు పట్టుబడాలంటే

పదో తరగతి గణితంలో "మూడు నాణేలను ఒకేసారి ఎగరవేస్తే కనీసం రెండు బొమ్మలు పడే సంభావ్యత ఎంత?" అని అడిగారనుకోండి. వచ్చే ఎనిమిది పర్యవసానాలనూ తప్పు లేకుండా రాసిన పిల్లలే చివరికి 3/8 అని వేసి మార్కులు పోగొట్టుకుంటారు. వాళ్లకు సంభావ్యత రాక కాదు, "కనీసం రెండు" అంటే రెండైనా మూడైనా అని తట్టక. సరైన జవాబు 4/8, అంటే 1/2. "గరిష్ఠంగా రెండు" అని అడిగితే 7/8. "కచ్చితంగా రెండు" అంటేనే 3/8. లెక్క ఒకటే, మాట మారితే జవాబు మారింది.

పిల్లవాడికి సైన్సు రాదు, సోషల్ రాదు అని తేల్చేసి ట్యూషన్ వెతికే ముందు ఇబ్బంది సబ్జెక్టులో ఉందో, మాటలో ఉందో చూసుకోవాలి. దీనికి పది నిమిషాలు చాలు. పాఠ్యపుస్తకంలో చేసేసిన అభ్యాసం నుంచి ఐదు ప్రశ్నలు తీయండి. జవాబు చెప్పొద్దు, లెక్క చెయ్యొద్దు, "ఇందులో ఏం అడుగుతున్నారో నీ మాటల్లో చెప్పు" అనండి. ఐదింటిలో మూడు సరిగ్గా చెప్పలేకపోతే, ముందు పదజాలం మీద పని చేయాలి. ఇక్కడ చెప్పే పద్ధతి ఆరు నుంచి పదో తరగతి పిల్లలకు, వాళ్లను కూర్చోబెట్టి చదివించే అమ్మానాన్నలకు, టీచర్లకు. తెలుగు మీడియం అయినా ఇంగ్లీషు మీడియం అయినా పనికొస్తుంది.

ఏ పదాలు నేర్చుకోవాలి

బడి పుస్తకాల్లో కష్టపెట్టే మాటలు మూడు రకాలు. మొదటిది పారిభాషిక పదాలు: కిరణజన్య సంయోగక్రియ, త్వరణం, బహుపది, ద్రవ్యోల్బణం. ఇవి ముద్దక్షరాల్లో ఉంటాయి, టీచర్ బోర్డు మీద రాస్తారు, నిర్వచనం కూడా చెబుతారు. రెండోది అన్ని సబ్జెక్టుల్లోనూ తిరిగే పదాలు: ప్రభావం, కారకం, ప్రక్రియ, పర్యవసానం, అనుపాతం, సూచిక, ఆధారం, పరిమితి. మూడోది పని చెప్పే, షరతు పెట్టే మాటలు: పోల్చండి, సమర్థించండి, వరుసగా, మించకుండా, తప్ప, అయినప్పటికీ.

శ్రమంతా మొదటి రకం మీద పడుతుంది, మార్కులు పోయేది మాత్రం రెండో, మూడో రకాల దగ్గర. "కారకం" అనే మాట జీవశాస్త్రంలో వ్యాధి కారకంగా, భూగోళంలో శీతోష్ణస్థితిని ప్రభావితం చేసే కారకాలుగా, అర్థశాస్త్రంలో ఉత్పత్తి కారకాలుగా వస్తుంది. దీన్ని ఏ టీచరూ విడిగా చెప్పరు, ఎందుకంటే ఎవరి సబ్జెక్టుకూ అది సొంత మాట కాదు. అందుకే వారానికి పెట్టుకునే జాబితాలో సగం మాటలు రెండో, మూడో రకాలవి ఉండేలా చూసుకోండి.

ఎంపిక ఇలా చేయండి. పాఠం మొదలయ్యే ముందురోజు పిల్లవాడు ఆ పాఠంలో మొదటి మూడు నాలుగు పేజీలు పెన్సిలుతో పట్టుకుని చదవాలి. అర్థం కోసం ఆగనక్కర్లేదు. తెలియని ప్రతి మాట పక్కనా ఒక గుర్తు పెట్టాలి. అసలు ఎప్పుడూ వినని మాటకు ఇంటూ గుర్తు. విన్నాడు కానీ ఎవరైనా అడిగితే చెప్పలేడు, దానికి ప్రశ్న గుర్తు. వీటిలో ప్రశ్న గుర్తు పడ్డవే ముందు చూడాలి. కొత్త మాట ఎదురైతే పిల్లలు ఆగుతారు, అడుగుతారు. విన్న మాట అయితే తెలుసనుకుని దాటేస్తారు, అక్కడే తప్పు అర్థం పాతుకుపోతుంది.

వారానికి అన్ని సబ్జెక్టులకూ కలిపి ఎనిమిది నుంచి పది పదాలు, అంతకు మించొద్దు. ఏడాదికి ముప్పై వారాలు గట్టిగా చదివినా 240 నుంచి 300 పదాలవుతాయి, అది చిన్న సంఖ్య కాదు. రోజుకు పది పదాలు పెట్టుకున్న ఇళ్లలో మూడో వారానికే నోట్‌బుక్ అటకెక్కుతుంది.

మాటను విరిచి చూడటం

తెలుగులో శాస్త్ర పదాలు చాలావరకు సంస్కృత ముక్కలతో కట్టినవి. ముక్కలు తెలిస్తే పొడవాటి మాట కూడా బట్టీ పట్టనక్కర్లేదు. కిరణ, జన్య, సంయోగ, క్రియ: కిరణాల వల్ల పుట్టే, కలిపే పని. వెలుతురు సాయంతో కార్బన్ డై ఆక్సైడ్, నీరు కలిసి పిండిపదార్థం తయారవడం. నిర్వచనం మాటలోనే ఉంది.

అన్నిటికంటే ముందు నేర్పాల్సిన ముక్కలు రెండు: "ఈకరణం", "ఈభవనం". మొదటిది అలా చేయడం, రెండోది అలా అవడం. ద్రవీభవనం అంటే ద్రవంగా మారడం, ఘనీభవనం అంటే ఘనంగా మారడం, బాష్పీభవనం అంటే ఆవిరిగా మారడం. కాంతి పాఠంలో వచ్చే వక్రీభవనం కూడా ఇదే కుటుంబం. గాలిలోంచి నీళ్లలోకి వెళ్లే కిరణం వంగుతుంది, వక్రమవుతుంది. ఈ సంగతి తెలిసిన పిల్లలు వక్రీభవనానికీ, వెనక్కి తిరిగి రావడమైన పరావర్తనానికీ మధ్య ఇక తడబడరు. "చేయడం" వైపు వస్తే ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి తటస్థం చేసే తటస్థీకరణం, జీవుల్ని వర్గాలుగా చేసే వర్గీకరణ, పట్టణంగా మారుస్తున్న పట్టణీకరణ, 1991 ఆర్థిక సంస్కరణల పాఠంలో కలిసి వచ్చే సరళీకరణ, ప్రైవేటీకరణ, ప్రపంచీకరణ. గణితంలో సమీకరణం కూడా సమం చేయడమే. ఆ ఒక్క ముక్క అర్థమైతే "రెండు వైపులా ఒకే పని చేయాలి" అని టీచర్ ఎందుకంటారో తెలుస్తుంది.

"పరి" అంటే చుట్టూ. భూమి తన చుట్టూ తాను తిరిగితే భ్రమణం, సూర్యుడి చుట్టూ తిరిగితే పరిభ్రమణం. వృత్తం చుట్టుకొలత పరిధి, త్రిభుజం శీర్షాల మీదుగా చుట్టూ గీసేది పరివృత్తం, మన చుట్టూ ఉండేవి పరిసరాలు. "ఉప" అంటే పక్కన గానీ కింద గానీ ఉండేది: ఉపనది, ఉపగ్రహం, ఉపసమితి, ఉపఖండం. "మితి" అంటే కొలత: త్రికోణమితి, క్షేత్రమితి. "వాహ" అంటే మోసుకెళ్లడం: విద్యుద్వాహకం కరెంటును, ఆహారవాహిక అన్నాన్ని, మలేరియా వాహకమైన దోమ ఆ రోగ క్రిమిని మోసుకెళ్తాయి.

అంకెల ముక్కలు ఇంకా తేలిక. "ద్వి" ఒక్కటే చూడండి. గణితంలో ద్విపది, సమద్విబాహు త్రిభుజం. జీవశాస్త్రంలో ద్విదళబీజం, అమీబా రెండుగా చీలే ద్విధావిచ్ఛిత్తి. రసాయనశాస్త్రంలో ద్విబంధం. పౌరశాస్త్రంలో శాసనసభ, శాసనమండలి రెండూ ఉన్న రాష్ట్రానికి ద్విసభా విధానం. నోట్‌బుక్‌లో ఒక పేజీ "ద్వి"కి ఇచ్చి, ఏ సబ్జెక్టులో కనబడినా అందులో చేర్చమనండి. ఏడాది చివరికి ఆ పేజీ నిండుతుంది.

తెలుగు పీరియడ్‌లో సంధులు నేర్పేటప్పుడు ఈ మాటల్నే ఉదాహరణలుగా ఇస్తే రెండు పనులూ ఒకేసారి అవుతాయి. పరమ, అణువు కలిస్తే పరమాణువు, సవర్ణదీర్ఘ సంధి. వ్యాస, అర్ధం కలిస్తే వ్యాసార్ధం, అదీ సవర్ణదీర్ఘమే. ద్రవ్య, ఉల్బణం కలిస్తే ద్రవ్యోల్బణం, గుణసంధి. విద్యుత్, వాహకం కలిస్తే విద్యుద్వాహకం, జశ్త్వ సంధి. ఎప్పుడూ రాజేంద్రుడు, మహేంద్రుడే ఉదాహరణలు కానక్కర్లేదు. తెలుగు టీచర్, సైన్సు టీచర్ స్టాఫ్ రూములో ఐదు నిమిషాలు మాట్లాడుకుంటే జరిగిపోయే పని ఇది.

విరవడం వల్ల దెబ్బతినే చోట్లు కూడా ఉన్నాయి, వాటిని ముందే చెప్పేయాలి. పెద్ద ఉచ్చు గణితంలో ఉంది. తెలుగులో లవ, హార రూపంలో రాయగలిగే సంఖ్య అకరణీయ సంఖ్య. రాయలేనిది, ఉదాహరణకు రెండు వర్గమూలం, కరణీయ సంఖ్య. ఇంగ్లీషులో సరిగ్గా తిరగబడి ఉంటుంది: లవ, హారాలుగా రాయగలిగేది రేషనల్, రాయలేనిది ఇర్రేషనల్. కాదు అని చెప్పే ముక్క తెలుగులో ఒక దానికి, ఇంగ్లీషులో రెండో దానికి తగిలింది. "కరణి" అంటే మూలపు గుర్తుతో ఉండిపోయే సంఖ్య, అది లేనిది అకరణీయం అని వివరిస్తే నిలుస్తుంది. వివరించకుండా వదిలేస్తే, మీడియం మారిన పిల్లలు ఏడాదంతా ఈ రెంటినీ తారుమారు చేస్తూనే ఉంటారు.

అలాగే పూర్ణాంకాలు, పూర్ణసంఖ్యలు. పూర్ణాంకాలు సున్నాతో మొదలై 1, 2, 3 అని పోతాయి. పూర్ణసంఖ్యల్లో రుణ సంఖ్యలు కూడా ఉంటాయి. మాటను బట్టి ఈ తేడా తేలదు, సంఖ్యారేఖ గీసి రెంటినీ వేరువేరు రంగుల్లో దిద్దించాలి.

ఒకే మాట, వేరు వేరు పనులు

"వ్యాసం రాయండి" అంటే తెలుగు పరీక్షలో రెండు పేజీలు, గణితంలో ఒక అంకె. ఇది పిల్లలకు తెలుసు. కానీ "కణం" అంటే జీవశాస్త్రంలో జీవికి మూలమైన కణం, భౌతికశాస్త్రంలో పదార్థపు అతి చిన్న రేణువు అని విడిగా ఎవరూ చెప్పరు. "కణాల మధ్య ఆకర్షణ" అని చదివి శరీర కణాలను ఊహించుకునే ఆరో తరగతి పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. సంధి వ్యాకరణంలో అక్షరాల కలయిక, చరిత్రలో 1919 నాటి వర్సెయిల్స్ సంధి లాంటి ఒప్పందం. మూలం వర్గ సమీకరణంలో దాన్ని తృప్తిపరిచే విలువ, చరిత్రలో ఆధారం. దానికి చివర ఒక అక్షరం చేరిన మూలకం రసాయనశాస్త్రపు సరుకు. వాతావరణం అంటే భూమి చుట్టూ ఉన్న గాలి పొర కూడా, ఇవాళ ఎండగా ఉందా వానగా ఉందా అన్నది కూడా. ఇవాళ్టి ఎండవానలు వాతావరణం, చాలా ఏళ్ల సగటు శీతోష్ణస్థితి.

ఇంకా కష్టమైనవి ఇంట్లో రోజూ వాడే మాటలు. బలం, శక్తి, సామర్థ్యం, పని, బరువు, వేగం: వీటిని ఇంట్లో మనం ఒకదాని బదులు ఒకటి వాడేస్తాం. భౌతికశాస్త్రంలో ప్రతిదానికీ వేరే అర్థం, దానికో ప్రమాణం ఉన్నాయి. బలానికి న్యూటన్, శక్తికీ పనికీ జౌల్, సామర్థ్యానికి వాట్. ఇరవై కిలోల బియ్యం బస్తా నెత్తిన పెట్టుకుని అరగంట కదలకుండా నిలబడ్డ మనిషి భౌతికశాస్త్రం ప్రకారం ఆ బస్తా మీద చేసిన పని సున్నా, ఎందుకంటే స్థానభ్రంశం లేదు. పిల్లవాడు "అదెలా, చెమటలు పట్టాయి కదా" అనాలి. అనకపోతే మీరే అనండి. ఇంటి అర్థం, పుస్తకం అర్థం ఎదురెదురుగా నిలబెట్టకపోతే పరీక్షలో ఇంటి అర్థమే ముందు గుర్తొస్తుంది. వడి, వేగం కూడా ఇంతే. దిశ చెప్పకపోతే వడి, దిశతో చెబితే వేగం.

అణువు, పరమాణువు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పత్రికల్లో అణుబాంబు, అణువిద్యుత్ అని చదువుతాం, అక్కడ అణువంటే ఆటమ్. పుస్తకంలో ఆటమ్ పరమాణువు, మాలిక్యూల్ అణువు. నీటి అణువు ఒకదానిలో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు. పిల్లవాడు వార్తలు చదివేవాడైతే ఈ తేడా తప్పకుండా చెప్పండి.

నోట్‌బుక్‌లో ఒక పేజీ ఎలా ఉండాలి

200 పేజీల రూళ్ల నోట్‌బుక్ ఒకటే, అన్ని సబ్జెక్టులకూ కలిపి. సబ్జెక్టుకొకటి పెడితే ఒకే మాట రెండు చోట్ల వేరుగా కనబడుతోందని ఎప్పటికీ తెలియదు. 1969లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డొరతీ ఫ్రేయర్ బృందం తయారుచేసిన నాలుగు గళ్ల పటం చాలా దేశాల బడుల్లో వాడుతున్నారు. మధ్యలో మాట, చుట్టూ నాలుగు గళ్లు: నిర్వచనం, లక్షణాలు, ఉదాహరణలు, ఉదాహరణ కానివి. మన పిల్లలకు దాన్ని కొంచెం మార్చుకుంటే బాగా పనికొస్తుంది. సాంద్రత అనే మాటతో నింపి చూద్దాం.

- పైన: సాంద్రత. పక్కన ఇంగ్లీషు మాట ఇంగ్లీషు అక్షరాల్లో, స్పెల్లింగు తప్పు లేకుండా. దాని కింద విరిచి: సాంద్ర అంటే దట్టమైన, సాంద్రత అంటే దట్టంగా ఉండటం.
- మొదటి గడి, సొంత మాటల్లో: ఒకే అంత చోటులో ఎంత ఇరికి ఉంది.
- రెండో గడి, సబ్జెక్టుల వారీగా: భౌతికశాస్త్రంలో ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగించాలి, నీటికి ఘన సెంటీమీటరుకు 1 గ్రాము. సోషల్‌లో జనాభాను వైశాల్యంతో భాగించాలి, 2011 జనగణన ప్రకారం భారతదేశ జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 382.
- మూడో గడి, ఉదాహరణ: మంచుగడ్డ సాంద్రత సుమారు 0.92, నీటికంటే తక్కువ, అందుకే తేలుతుంది.
- నాలుగో గడి, ఇది కాదు: "ఇనుము బరువు ఎక్కువ" అన్నది సాంద్రత కాదు. కిలో ఇనుము, కిలో దూది ఒకే బరువు. ఒకే పరిమాణంలో తీసుకున్నప్పుడే ఇనుము ఎక్కువ తూగుతుంది.

నాలుగో గడిని చాలామంది వదిలేస్తారు. అదే అన్నిటికంటే విలువైనది. ఏది కాదో చెప్పగలిగినవాడికి ఆ మాట వచ్చినట్టే. రెండో గడి చూశారా, భౌతికశాస్త్రం, సోషల్ రెండూ "మొత్తాన్ని చోటుతో భాగించడమే" అని తేలింది. కొన్ని మాటలు సబ్జెక్టు మారితే అర్థం మార్చుకుంటాయి, కొన్ని అదే ఆలోచనను కొత్త చోటికి తీసుకెళ్తాయి. ఏది ఏ రకమో ఈ గడి దగ్గరే బయటపడుతుంది.

ప్రతి మాటకూ ఇంత పేజీ అక్కర్లేదు. వారానికి రెండో మూడో కష్టమైన మాటలకు చాలు. మిగిలిన వాటికి ఒక వరుస: మాట, సొంత వాక్యం, ఏ పాఠం.

రెండు భాషల మధ్య

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లోనూ ఇప్పుడు ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఉన్నాయి. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో. చాలా ఇళ్లలో పరీక్ష రాసే భాష పేజీ ఒక్కటే తెరుస్తారు, రెండోది వృథాగా పోతుంది. ముందు తెలుగు పేజీ చదివించండి, విషయం తెలిశాక అదే రోజు ఇంగ్లీషు పేజీ చదివించండి. పేరా పేరాకూ అటూ ఇటూ చూపు తిప్పడం వద్దు, దారి తప్పుతుంది. పేజీ మొత్తం అయ్యాకే రెండోది. తర్వాత మూడు నాలుగు మాటల్ని మాత్రం వేలు పెట్టి జత కలపమనండి.

ఇంగ్లీషు మాటలకూ ముక్కలుంటాయి. ఫోటో అంటే కాంతి, థర్మో వేడి, బయో జీవం, హైడ్రో నీరు, మీటర్ కొలిచేది, లిసిస్ విడగొట్టడం. థర్మామీటర్‌కు ఉష్ణమాపకం, ఎలక్ట్రాలిసిస్‌కు విద్యుద్విశ్లేషణ అని తెలుగు చేసినవాళ్లు ముక్కకు ముక్క పెట్టి కట్టారు. పక్కపక్కన రాసి గీతలతో కలిపితే రెండూ ఒకేసారి వస్తాయి.

ఒక ఇంగ్లీషు మాటకు ఒకే తెలుగు మాట అనుకోవడం దగ్గర పొరపాట్లు పుడతాయి. సొల్యూషన్ గణితంలో సాధన, రసాయనశాస్త్రంలో ద్రావణం, సోషల్‌లో పరిష్కారం. పవర్ గణితంలో ఘాతం, భౌతికశాస్త్రంలో సామర్థ్యం, పౌరశాస్త్రంలో అధికారం. సెల్ జీవశాస్త్రంలో కణం, విద్యుత్ పాఠంలో ఘటం. రివల్యూషన్ భూగోళంలో పరిభ్రమణం, చరిత్రలో విప్లవం. ఫోన్‌లో అనువాదం చూస్తే తరచూ వీటిలో ఏదో ఒకటే వస్తుంది, అది ఈ పాఠానిది కాకపోవచ్చు. ముందు పుస్తకం వెనక పదకోశం ఉంటే అది, లేకపోతే ద్విభాషా పుస్తకపు ఎదురు పేజీ చూడండి. ఆ తర్వాతే ఫోన్. తెలుగులో ఉన్నత చదువుల పుస్తకాల కోసం 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి వేసిన పారిభాషిక పదకోశాలు టీచర్లకు ఇప్పటికీ మంచి ఆధారం.

ఇంట్లో తాతయ్యలు ప్రాణవాయువు, నత్రజని, బొగ్గుపులుసు వాయువు అంటారు, పుస్తకంలో ఆక్సిజన్, నైట్రోజన్, కార్బన్ డై ఆక్సైడ్ ఉంటాయి. తాతయ్యది తప్పు అని పిల్లలకు అనిపించనివ్వకండి, రెండూ ఒకటేనని నోట్‌బుక్‌లో రాయించండి. పరీక్షలో మాత్రం పుస్తకంలోని మాటే రాయాలి.

ప్రశ్నలోని క్రియ

సోషల్ నుంచి ఒక విషయం తీసుకుందాం. గోదావరి, కృష్ణా తూర్పు తీరంలో డెల్టాలు ఏర్పరుస్తాయి, పడమటికి పోయే నర్మద, తపతి ఏర్పరచవు. దీని మీద ఎన్ని రకాలుగా అడగవచ్చో, ఒక్కోదానికి ఏం రాయాలో చూడండి.

డెల్టాను నిర్వచించండి అంటే ఒక్క వాక్యం: నది సముద్రంలో కలిసే చోట ఒండ్రు మేటవేసి ఏర్పడే నేల. ఉదాహరణలు కలపవచ్చు, కారణాలు అక్కర్లేదు. వివరించండి అంటే ఎలా జరుగుతుందో వరుసగా: మైదానంలో వాలు తగ్గుతుంది, ప్రవాహం నెమ్మదిస్తుంది, ఒండ్రు దిగుతుంది, నది పాయలుగా చీలుతుంది. కారణాలు తెలపండి అంటే జరిగే తీరు కాదు, ఎందుకన్నది. నర్మద, తపతి పగులు లోయల్లో ఇరుకుగా, వడిగా పారతాయి, విశాలమైన తీర మైదానం లేదు, అందుకే ఒండ్రు మేట వేయదు. భేదాలు తెలపండి అంటే రెండు నిలువు వరుసలు, ఎదురెదురుగా ఒకే అంశం మీద. ఒకవైపు పొడవు రాసి రెండోవైపు పంటలు రాస్తే భేదం చెప్పినట్టు కాదు. పోల్చండి అంటే తేడాలతోపాటు పోలికలు కూడా. సమర్థించండి అంటే ఇచ్చిన మాట సరైనదని ఆధారాలతో నిలబెట్టడం. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ప్రభావాన్ని అంచనా వేయండి అంటే మేలు, కీడు రెండూ తూచి చివర మీ నిర్ణయం ఒక వాక్యంలో చెప్పాలి. వ్యాఖ్యానించండి అన్నప్పుడు ఇచ్చిన పేరానే తిరిగి రాయడం ఎక్కువమంది చేసే తప్పు. పేరా ఏం చెబుతోందో రెండు వాక్యాలు, దాని మీద మీరేమనుకుంటున్నారో, ఎందుకో నాలుగైదు వాక్యాలు ఉండాలి.

గణితంలో నిరూపించండి, సరిచూడండి వేరు. త్రిభుజ కోణాల మొత్తం 180° అని సరిచూడమంటే ఒక త్రిభుజం గీసి కోణమానినితో కొలిచి కూడితే చాలు. నిరూపించమంటే ఏ త్రిభుజానికైనా వర్తించేలా, శీర్షం గుండా భూమికి, అంటే ఎదుటి భుజానికి, సమాంతర రేఖ గీసి, ఏకాంతర కోణాలతో చూపాలి. కొలిచి చూపిస్తే నిరూపణ కాదు.

షరతు మాటలు లెక్కల్లోనే ఎక్కువ. "వరుసగా" అంటే ముందు చెప్పిన క్రమంలోనే తర్వాత చెప్పినవి: రాము, సీతల వయసులు వరుసగా 12, 15 అంటే రాముకి 12. "మించకుండా 50" అంటే 50 కూడా కలుస్తుంది, "50 కంటే తక్కువ" అంటే కలవదు. "తప్ప" కనబడగానే దాని ముందు మాట కింద గీత పడాలి.

మళ్లీ మళ్లీ చూడటం

ఒకసారి రాసి వదిలేసిన మాట వారానికే జారిపోతుంది. జర్మనీకి చెందిన సెబాస్టియన్ లైట్నర్ 1970లలో ప్రచారం చేసిన పెట్టెల పద్ధతి దీనికి చవకైన మందు. పాత అట్టముక్కల్ని పోస్టుకార్డులో సగం సైజుకు కత్తిరించండి. ముందు వైపు మాట, వెనక సొంత వాక్యం. చెప్పుల అట్టపెట్టెలో రెండు అడ్డుగోడలు పెడితే మూడు గదులు.

కొత్త కార్డు మొదటి గదిలో. అది రోజూ చూడాలి. సరిగ్గా చెబితే రెండో గదికి, అది మూడు రోజులకోసారి. అక్కడా చెబితే మూడో గదికి, అది వారానికోసారి. ఎక్కడ తప్పినా మళ్లీ మొదటి గదికే రావాలి, ఇందులో మొహమాటం వద్దు. రోజుకు పది నిమిషాలు, పదిహేను కార్డులు మించకూడదు. మూడో గదిలో నాలుగుసార్లు వరుసగా సరిగ్గా చెప్పిన కార్డును తీసి పక్కన పెట్టేయవచ్చు.

అడిగే తీరు ముఖ్యం. "దీని అర్థం ఏంటి" అని అడిగితే నిర్వచనం అప్పజెబుతారు. ఒకరోజు మాట చూపించి వాక్యం చెప్పమనండి, మర్నాడు వెనక వైపు వాక్యంలో ఆ మాట వేలితో మూసి ఏ మాటో చెప్పమనండి, ఇంకోరోజు రెండు కార్డులు తీసి రెంటినీ కలిపి ఒక వాక్యం చెప్పమనండి. "ప్రవాహ వడి తగ్గడం ఒండ్రు మేటకు ముఖ్య కారకం" అని ఒక్క వాక్యం పుట్టిందంటే రెండు సబ్జెక్టులు కలిసినట్టు.

తరచూ జరిగే పొరపాట్లు

పరిమాణం, పరిణామం. మొదటిది ఎంత ఉంది, రెండోది మార్పు. అక్షరాలు తారుమారైతే జీవపరిణామం కాస్తా జీవుల సైజు అయిపోతుంది. పైకి గట్టిగా మూడుసార్లు పలికించి, చూడకుండా రాయించాలి. ద్రావణి, ద్రావితం, ద్రావణం మూడూ కలగాపులగం అవుతాయి. గ్లాసు నీళ్లలో చెంచా ఉప్పు వేసి కలిపించండి: కరిగించుకున్న నీరు ద్రావణి, కరిగిన ఉప్పు ద్రావితం, గ్లాసులో ఉన్నది ద్రావణం. బొమ్మ గీసి మూడు బాణాలు వేస్తే చాలు. మధ్యగతం, బాహుళకం కూడా ఇలాగే. బహుళం అంటే ఎక్కువ, ఎక్కువసార్లు వచ్చేది బాహుళకం. మధ్యలో ఉండేది మధ్యగతం, కానీ ముందు సంఖ్యల్ని ఆరోహణ క్రమంలో పెట్టాలి. పెట్టకుండా మధ్యలోది తీసేయడమే అక్కడ ఎక్కువగా జరిగే తప్పు.

గైడులోని నిర్వచనం ఎత్తి నోట్‌బుక్‌లో రాసిన రోజు ఆ మాట నేర్చుకోనట్టే లెక్క. సొంత వాక్యం తప్పుగా ఉన్నా పర్వాలేదు, తప్పు కనబడుతుంది కాబట్టి దిద్దవచ్చు. ఎత్తిరాసిన దానిలో తప్పు కనబడదు. ప్రమాణం రాయకపోవడం ఇంకో లోపం. కొలవదగ్గ ప్రతి మాట పక్కనా దాని ప్రమాణం ఉండాలి, త్వరణానికి మీటర్/సెకను² లాగా. తరగతిలో తప్పు పలికిన పిల్లవాణ్ణి అందరిముందూ నవ్వులపాలు చేస్తే ఆ మాటే కాదు, తర్వాతి పది మాటలూ వాడు నోట్లోంచి బయటికి తీయడు. సరైన ఉచ్చారణ మీరు ఇంకో వాక్యంలో మామూలుగా వాడండి, వాడే పట్టుకుంటాడు.

నెలకోసారి, కొత్తగా వచ్చిన యూనిట్ పరీక్ష ప్రశ్నపత్రం తీసుకుని మొదట చెప్పిన పది నిమిషాల పరీక్ష మళ్లీ పెట్టండి. జవాబులు వద్దు, ప్రశ్నలో ఏం అడిగారో మాత్రమే. ఏ మాట దగ్గర ఆగాడో రాసుకుంటే వచ్చే వారం జాబితా తయారైనట్టే. పదో తరగతి పిల్లలకు పరీక్ష గదిలో ప్రశ్నపత్రం చదువుకునే సమయంలో చేయాల్సిన పని కూడా ముందే అలవాటు చేయించండి: ప్రతి ప్రశ్నలో క్రియ కింద ఒక గీత, షరతు మాట చుట్టూ ఒక సున్నా, అడిగిన ప్రమాణం పక్కన ఒక చుక్క. ఆ మూడు గుర్తులూ పడ్డాకే మొదటి జవాబు మొదలుపెట్టాలి.